అన్నే ఫ్రాంక్‌కు రచయిత్రి హోదా ఎందుకివ్వం?

సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో, నాజీల నుంచి దాక్కున్న యూదు బాలిక అన్నే ఫ్రాంక్ డైరీ పాఠం ఉంది. మనుషుల కన్నా కాగితానికి ఓపిక ఎక్కువన్న మాటా, కిటీ అనే ఊహా స్నేహితురాలి పరిచయమూ అందులోవే. తేదీ 1942 జూన్ 20. పదమూడేళ్ల పిల్ల మనసులో ఉన్నది ఉన్నట్టు రాసేసిందని మురిసిపోవడం మనకు అలవాటు. నిజానికి ఆ పేజీ రాసింది 1944 మే 20 తర్వాత, పదిహేనేళ్లకు అటూ ఇటూ వయసులో. రెండేళ్ల కిందటి తనను వెనక్కి తిరిగి చూసుకుంటూ, పుస్తకానికి మొదలుగా ఉండాలని కావాలనే అల్లిన పేజీ అది.

ఆమ్‌స్టర్‌డామ్, అజ్ఞాతవాసం, 1944 ఆగస్టు 4న అరెస్టు... ఈ కథ అందరికీ తెలిసిందే. అజ్ఞాతంలో ఉండగా జరిగిన పని గురించే ఎవరూ మాట్లాడరు. 1944 మార్చి 28న లండన్ నుంచి రేడియో ఒరాన్యేలో డచ్ ప్రవాస ప్రభుత్వ మంత్రి బోల్కెస్టైన్ మాట్లాడుతూ, యుద్ధకాలపు డైరీలు, ఉత్తరాలు దాచి ఉంచమని ప్రజలను కోరాడు. మే 20న అన్నే పాత డైరీలు ముందేసుకుని, విడి కాగితాల మీద మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. సుమారు పది వారాల్లో 215 కాగితాలు. పుస్తకానికి పేరు కూడా తానే ఎంచుకుంది.

ఆ కాగితాల్లో ఏం చేసిందో చూడండి. తొలి రాతలో ఉత్తరాలు కిటీ ఒక్కతెకే కాదు, సిస్సీ వాన్ మార్క్స్‌వెల్ట్ బాలికల నవలల్లోని మరికొందరు అమ్మాయిలకూ వెళ్లేవి. తిరగరాతలో వాళ్లందరినీ తప్పించి కిటీని ఒక్కదాన్నే ఉంచింది. తమతో పాటు దాక్కున్న వాన్ పెల్స్ కుటుంబం వాన్ డాన్ అయింది, ఫ్రిట్జ్ ఫెఫర్ డుసెల్ అయ్యాడు. వాన్ పెల్స్ వాళ్ల అబ్బాయి పీటర్ మీద ప్రేమ గురించి రాసుకున్నది చాలావరకు తీసేసింది. దాన్ని 1947 ముద్రణలో వెనక్కి తెచ్చింది తండ్రి ఒట్టో. ఏం ఉంచాలో, ఏం దాచాలో ఆమెకు తెలుసు.

చదివేటప్పుడు తేదీలు చూసుకోవాలి. ఎర్రగళ్ల అట్ట ఉన్న మొదటి డైరీ 1942 డిసెంబరు 5 దాకా నడుస్తుంది. అక్కడి నుంచి 1943 డిసెంబరు 22 వరకు మూలం దొరకలేదు, ఆ ఏడాదికి తిరగరాతే దిక్కు. 1944 మార్చి 29తో తిరగరాత ఆగిపోయింది. ఆ తర్వాతదంతా చిత్తుప్రతే. అంటే, మనుషులు లోలోపల మంచివాళ్లేనన్న 1944 జూలై 15 నాటి ప్రసిద్ధ మాటను ఆమె మళ్లీ చూసి దిద్దుకోనే లేదు. ముందు పేజీల్లో చేయి తిరిగిన రచన, చివరి పేజీల్లో పచ్చిరాత! పేజీ పేజీకీ పిల్ల ఎలా ఎదిగిందో చూపించే సమీక్షకులు ఈ తిరకాసును పట్టించుకున్నట్టు కనిపించదు.

ఇవన్నీ తవ్వితే డైరీ బూటకమని వాదించేవాళ్లకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని కొందరి భయం. దానికి 1986లోనే జవాబొచ్చింది. డచ్ యుద్ధ పత్రాల సంస్థ చేతిరాత, కాగితం, సిరా పరీక్షల ఫలితాలతో సహా తొలి రాత, తిరగరాత, 1947 ముద్రణ మూడింటినీ పక్కపక్కనే అచ్చు వేసింది. డైరీ అసలైనదేనని తేలింది. బూటకం అనేవాళ్లకు పనికొచ్చేది మన దాపరికమే.

ఈ పిల్లను అమాయకురాలిగానే ఉంచాలన్న మన పట్టుదలకు మూలం బడిలో ఉంది. మన దగ్గర రాయడం నేర్పుతారు, తిరగరాయడం నేర్పరు. ఇంగ్లిష్ పరీక్షలో డైరీ ఎంట్రీ అడిగితే పైన తేదీ, వారం, కింద ‘డియర్ డైరీ’, మధ్యలో కాస్త సంతోషమో దుఃఖమో. ఫార్మాట్ కుదిరితే మార్కులు పడతాయి. ఒకసారి రాసిందే ఆఖరుది. మళ్లీ రాయమన్నారంటే అది శిక్షే, తప్పు పోయిన మాటను పదిసార్లు రాయించడమే.

ఈ పాఠాన్ని వేరేలా చెప్పొచ్చు. జూన్ 20 పేజీ పక్కన, 1942లోనే రాసిన తొలి డైరీ పేజీ ఒకటి పెట్టి, ఏం మారింది, ఎందుకు మారింది అని అడగాలి. తర్వాత పిల్లలు ఎనిమిదో తరగతిలో రాసిన ఏదో ఒక పేజీని బయటికి తీసి, సగానికి కుదించి, పేర్లు మార్చి, ఆ ఇల్లూ ఆ బడీ ఎరగని పాఠకుడికి అర్థమయ్యేలా మళ్లీ రాయాలి. టీచరు రెండు కాగితాలనూ కలిపి దిద్దాలి, మార్కులు ఆ రెంటి మధ్య తేడాకు వేయాలి.