కుడి సీటు గారికి ఒక కొత్త ఇన్‌స్ట్రక్టర్ విన్నపం

మహారాజశ్రీ కుడి సీటు గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. (కుశలం అన్న మాట ఇవాళ మూడో ల్యాండింగ్ వరకే వర్తిస్తుంది. నాలుగోది ఎలా జరిగిందో మీ స్ప్రింగులకూ తెలుసు, నా నడుముకూ తెలుసు.)

విమానం నడపడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా నేను మీ కొలువులో చేరి నాలుగు నెలలు. అంతకుముందు ఎడమ పక్కన కూర్చుని నేర్చుకునే రోజుల్లో, మీలో కూర్చున్న మా గురువుగారిని చూసి కుళ్లుకునేవాణ్ణి. చేతులు ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి పొలాలు చూస్తూ, మధ్యమధ్యలో 'రైట్ రడ్డర్' (కుడి పెడల్ తొక్కు) అనేవారు. ఉద్యోగమంటే ఇదేనా, ఆ మాత్రం మనమూ అనలేమా అనుకునేవాణ్ణి. అనగలను. ఇప్పుడు నిద్రలో కూడా అంటున్నానని ఇంట్లోవాళ్లు చెబుతున్నారు.

ముందుగా ఒక మాట. మీ వాస్తు బాగాలేదు. పాత గుండ్రటి మీటర్లున్న సెస్నా 172 విమానంలో స్పీడు చూపించే మీటరు పైవరసలో ఎడమ కొసన ఉంటుంది. మాస్టర్ స్విచ్ ఎడమ పక్కే. ఇంజిన్ తాళంచెవీ ఎడమ పక్కే. లాగ్‌బుక్‌లో 'పైలట్ ఇన్ కమాండ్' మాత్రం నేను. ఇల్లు నా పేర రాసి, తాళాలు అద్దెకున్నాయన చేతికిచ్చినట్టుంది. స్పీడు చూడాలంటే కొంగలా మెడ చాచాలి. ఆ ఏటవాలు చూపుకి ముల్లు ఉన్నచోట ఉన్నట్టు కనిపించదు. మొదటి వారంలో ఒక కుర్రాడు ఫైనల్లో (రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారిలో) 65 నాట్ల మీద చక్కగా వస్తుంటే, నా కంటికి అది 60లా కనిపించి 'స్పీడు, స్పీడు' అని కంగారు పెట్టాను. పాపం, గురువు మాట విని 75కి పెంచాడు. ఇక విమానం నేలకి దిగనంటుంది. రన్‌వే సగం అయిపోయేదాకా గాల్లో తేలుతూనే ఉంది. 'చూశావా, స్పీడు ఎక్కువైతే ఇలా అవుతుంది' అని పాఠం కూడా చెప్పాను. ఆ పాపం మీకూ నాకూ చెరిసగం.

చేతుల సంగతి సరేసరి. అన్నాళ్లూ ఎడమ చేత్తో యోక్ (విమానం స్టీరింగు), కుడి చేత్తో థ్రాటిల్ (ఇంజిన్ జోరు పెంచే పిడి). మీ దగ్గర అంతా తారుమారు. అలవాటు కొద్దీ కుడి చేత్తో థ్రాటిల్ కోసం తడిమితే తలుపు పిడి దొరికింది. స్టూడెంట్ చూడలేదనే నమ్మకంతో బతుకుతున్నాను.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. మీలో కూర్చున్నాక నన్ను నిజంగా చంపుతున్నది మొహమాటం.

నా స్టూడెంట్లలో ఒకాయన మా నాన్నకంటే పెద్ద. సొంత వ్యాపారం, చేతి కింద బోలెడంతమంది. నన్ను 'బాబూ' అంటారు, నేను 'సార్' అంటాను. నేల మీద ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా ఉంది. 4,000 అడుగుల మీద స్టాల్ ప్రాక్టీసు చేస్తున్నాం. స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం కాదు, రెక్క మీద గాలికి పట్టు తప్పడం. స్టాల్ వస్తోందని హెచ్చరించే హారన్ కూస్తోంది. ముక్కు ఇంకా పైకే చూస్తోంది. నేను 'సార్, కొంచెం ముక్కు దించుతారా అండీ' అని మొదలుపెట్టాను. 'అండీ' దగ్గరికి వచ్చేసరికి ఎడమ రెక్క వాలిపోయింది. ఆయన యోక్‌ని గబుక్కున కుడికి తిప్పారు. అందరూ చేసేదే, చేయకూడనిదీ అదే. వాలిన రెక్క చివర ఐలెరాన్ (వెనక అంచున కదిలే పలక) కిందికి దిగి, ఆ రెక్కని ఇంకా లోతుగా స్టాల్‌లోకి తోస్తుంది. ముక్కు దించి, కాలితో రడ్డర్ తొక్కాలి. ఆయన చేతులు చూస్తే ఉడుంపట్టు.

'ఐ హ్యావ్ కంట్రోల్' అన్నాను. ఇక విమానం నా చేతిలో, మీరు వదిలేయండి అని దానర్థం.

'ఆఁ, చెప్పు బాబూ' అన్నారు.

'వదలండి!' అని అరిచాను. వదిలేశారు. దిగాక భుజం తట్టి, 'నువ్వు ఆ అరుపేదో ముందే అరవాలి బాబూ' అన్నారు. ఫీజు కట్టేది ఆయన, పాఠం నేర్చుకున్నది నేను.

పూర్వం ఈ గొడవ లేదు. 1917 ప్రాంతంలో, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఇంగ్లండ్‌లోని గోస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్-బారీ అనే ఆయన విమానం నేర్పడానికి ఒక పద్ధతి పెట్టారు. అక్కడ ఇన్‌స్ట్రక్టర్ మాట ఒక గొట్టంలోంచి స్టూడెంట్ చెవిలో పడేది. తిరిగి జవాబు వచ్చే దారి లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారే, ఆ సామెతకి గొట్టం బిగించారన్నమాట. ఇప్పుడు హెడ్‌సెట్లు వచ్చాయి. 'ఎందుకు సార్?' అని అడుగుతున్నారు, అదీ నేలకి 50 అడుగుల ఎత్తులో.

జీతం గురించి ఎక్కువ రాయను, మీకు కునుకు పడుతుంది. ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ వస్తేనే హాబ్స్ మీటరు (ఇంజిన్ నడిచిన గంటలు లెక్కపెట్టేది) తిరుగుతుంది, హాబ్స్ తిరిగితేనే నాకు డబ్బులు. ఆరు నిమిషాలకొక గీత. బోర్డు ముందు గంటన్నర నిలబడి, రెక్కని పైకెత్తే లిఫ్ట్ గురించి గొంతు చించుకున్నది ఏ మీటరూ చూడలేదు. అడ్డగాలి వీచిన రోజున నాకూ విమానానికీ ఉపవాసమే.

మా గురువుగారి చేతుల గురించి మీతో ఒక మాట చెప్పాలి. ఈమధ్య ఒక ల్యాండింగ్‌లో స్టూడెంట్ యోక్‌ని మరీ ఎక్కువగా లాగితే విమానం మళ్లీ పైకి లేచింది. అప్పుడు చూసుకుంటే నా అరచెయ్యి యోక్ వెనక, తాకీతాకకుండా, అంగుళం దూరంలో ఉంది. ఆయన చెయ్యి కూడా అక్కడే ఉండేది. ఒళ్లో పెట్టుకున్నారనుకున్నాను. పాదాలు పెడల్స్ మీద లేవనుకున్నాను. ముందే అందుకుంటే వాడికి ల్యాండింగ్ ఎప్పటికీ రాదు, ఆలస్యమైతే ముందు చక్రం ఉండదు. మధ్యలో ఉండేది ఒక్క సెకను. ఆ సెకను ఆయన పొలాలు చూస్తున్నారని ఎలా అనుకున్నానో!

పోయిన వారం మా 'సార్' సోలో. నేను దిగిపోయి, కంట్రోల్స్‌కి చిక్కుకోకుండా మీ బెల్టు నేనే బిగించాను, గుర్తుందిగా? గడ్డిలో నిలబడ్డాను. నా బరువు తగ్గేసరికి విమానం ఎగిరి గంతేసినట్టు లేచింది. మూడు ల్యాండింగులు. మూడుసార్లూ నా కుడి కాలు నేలని తొక్కుతూనే ఉంది. మడమ కింద గుంట పడింది. మూడోది దూది మీద దిగినట్టు దిగింది. నాలుగు నెలలు నా గొంతు చేయలేనిది మీరు ఖాళీగా కూర్చుని చేసేశారు.

ఆయన దిగి వస్తూనే నా చెయ్యి పట్టుకుని, 'పక్కన ఎవరూ లేకపోతే ఎంత హాయిగా ఉందో బాబూ!' అన్నారు.

ఇట్లు,
తమ మీద కూర్చునే విధేయుడు

తా.క.: రేపు పొద్దున 6 గంటలకు కొత్త స్టూడెంట్. రిటైర్డ్ హెడ్మాస్టరట. 'వదలండి' అన్న మాటని 'అండీ' లేకుండా ప్రాక్టీసు చేస్తున్నాను. ఇంతవరకు అద్దం ముందు కూడా రాలేదు.