మహారాజశ్రీ త్రీ ఇన్ వన్ ట్యూబు గారికి

మెడికల్ షాపు అద్దాల అరలో దగ్గు మందు పక్కన వెలసిన చర్మ క్రీము గారి దివ్య సముఖమునకు, నమస్కరించి రాయునది ఏమనగా:

తమరి పొట్టలో ఒక స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కాపురం ఉంటాయి. తామరకూ తమరే, గజ్జికీ తమరే, ముఖం తెల్లబడాలన్నా తమరే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదంది. తమరి కోసం చీటీ అడిగిన షాపు మా వైపు ఇంకా కనపడలేదు.

ఇదంతా ఒక ఎత్తు, 'అక్కడ' నాలుగు పొక్కులు లేచినప్పుడు తమరి వైభవం ఒక ఎత్తు.

"అన్నా, దురదకి మంచి ట్యూబు ఉందా?"

"ఎక్కడ దురద?"

"నాక్కాదు, మా ఫ్రెండుకి."

రోగ నిర్ధారణ అయిపోయింది. తమరు నల్ల కవర్లో వేంచేస్తారు.

ఆ ఫ్రెండుకి జరిగింది ఇదీ. కలయిక అయిన 2 నుంచి 12 రోజుల్లో అక్కడ చురచుర, దురద. ఒళ్ళు నొప్పులు, కాస్త జ్వరం, గజ్జల్లో బిళ్ళలు. ఆ వెంటనే ఎర్రబడిన చర్మం మీద ఆవగింజంత నీటి పొక్కులు, గుంపుగా. అవి చితికి పుండ్లయ్యాక మూత్రం తగిలితే ప్రాణం పోయినంత పని. వేడి చేసిందని మజ్జిగ తాగాడు. బ్లేడు గీరుకుందేమో అనుకున్నాడు. ఆడవాళ్ళకైతే చాలాసార్లు ముందు తెలిసేది మూత్రంలో మంటే. "నీళ్ళు సరిగా తాగవు కదా" అని అత్తగారు తేల్చేస్తారు. జెనైటల్ హెర్పిస్ అన్న పేరు ఏ నోటా రాదు.

అది వైరస్. తమరి ముగ్గురు కాపురస్తుల్లో ఎవరికీ దాని మొహం తెలియదు. పైగా స్టెరాయిడ్ వారు అక్కడి రోగనిరోధక శక్తిని జోకొట్టి దానికి తలుపు తీస్తారు. హెర్పిస్ మీద రాయొద్దని తమరి పెట్టెలో మడిచిన కాగితంలోనే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

అయినా కీర్తి తమరిదే! మొదటిసారి వచ్చిన పుండ్లు మామూలుగా 2 నుంచి 4 వారాల్లో వాటంతటవే మానిపోతాయి. "ట్యూబు భలే పనిచేసింది" అంటాడు ఫ్రెండు. వైరస్ మాత్రం వెన్ను దిగువ నరాల్లో పడుకుని ఉంటుంది. కొన్ని నెలలకు పిరుదుల్లో, తొడల్లో సలుపు. ఒకట్రెండు రోజుల్లో దాదాపు అదే చోట మళ్ళీ పొక్కులు. అలమారలోంచి సగం నొక్కిన తమరు మళ్ళీ బయటికి. పొక్కులు లేని రోజుల్లో కూడా అది భార్యకు అంటగలదని అతనికి చెప్పేవాళ్ళు లేరు. తమరికి నోరు లేదాయె.

తమరికి గిట్టని మందు ఒకటుంది, ఎసైక్లోవిర్. దాని వెనకున్న శాస్త్రవేత్తల్లో గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ కూడా వచ్చింది. వైరస్‌ని పూర్తిగా వెళ్ళగొట్టే శక్తి దానికీ లేదు. కానీ లక్షణాలు మొదలైన 3 రోజుల్లోపు వేసుకుంటే బాధా తగ్గుతుంది, పుండ్లూ త్వరగా మానతాయి. పొక్కు పచ్చిగా ఉండగా వెళ్తే డాక్టరు పుల్లతో తడి తీసి పరీక్షకు పంపగలరు. నొప్పి లేని పుండైతే సిఫిలిస్ అనే మరో సుఖవ్యాధి అయ్యే అవకాశం ఉంది, దాని మీదా తమరినే పూస్తారు మావాళ్ళు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లలో హెర్పిస్‌కి ఎర్ర రంగు మందుల కిట్ ఉచితం. ఒకటే చిక్కు, అక్కడికి ఫ్రెండు స్వయంగా వెళ్ళాలి.

తామర విషయంలో తమరు వెలగబెట్టిన ఘనకార్యాల గురించి వేరే ఉత్తరం రాస్తాను, అది కాస్త పొడుగు.

ఇట్లు,
మీ వీధిలోని ఒక చర్మధారి