ఓసీ ఏదని అడగడం తప్పా?

విజయనగరం శివార్లలోనో, శ్రీకాకుళం చుట్టుపక్కలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్‌ దగ్గర ఆగి ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ధర అడిగితే చెబుతారు, వాస్తు అడిగితే ఇంకా ఉత్సాహంగా చెబుతారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌ (ఓసీ) ఏదీ అంటే మాత్రం ముఖాలు మారిపోతాయి. ‘ఇక్కడ ఎవరూ అడగరండీ, రిజిస్ట్రేషన్‌కు అడ్డం ఉండదు, లోనూ మేమే చేయిస్తాం’ అంటారు. ఎవరూ అడగరన్నది నిజం. మా భయమంతా ఆ నిజం గురించే.

మంజూరైన ప్లాన్‌ ప్రకారమే కట్టారని, మనుషులు కాపురం ఉండొచ్చని పురపాలక సంస్థ చూసి ఇవ్వాల్సిన కాగితం ఓసీ. అది లేకుండా ఇల్లు స్వాధీనం చేయకూడదని, కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వకూడదని, బ్యాంకులు దాన్ని సరిచూసుకున్నాకే అప్పు మంజూరు చేయాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న తేల్చి చెప్పింది. మరి జరుగుతున్నదేమిటి? ఓసీ లేని ఫ్లాటుకు డాక్యుమెంటు రాస్తారు, మీటరు బిగిస్తారు, కుళాయి ఇస్తారు. ఓసీ ఇవ్వని మున్సిపాలిటీయే ఇంటి పన్ను నోటీసు పంపుతుంది. ఇల్లు ఉండడానికి పనికొస్తుందో లేదో చెప్పలేని వారికి, అందులో ఉంటున్నవాడి దగ్గర పన్ను వసూలు చేయడం మాత్రం చక్కగా తెలుసు!

ఇది చేతకానితనం కూడా కాదు. తాళం మున్సిపాలిటీ చేతిలోనే ఉంది. అపార్ట్‌మెంటుకు ప్లాన్‌ ఇచ్చేటప్పుడే కట్టే విస్తీర్ణంలో పది శాతాన్ని బిల్డర్‌ చేత తనఖా రాయించుకుంటారు. ప్లాన్‌ తప్పితే ఆ ఫ్లాట్లు వదలరు, ఓసీ ఇచ్చాకే విడుదల చేస్తారు. నిబంధన భేషుగ్గా ఉంది. అయినా ఓసీ రాకముందే తనఖాలో ఉన్న ఫ్లాటును కూడా అగ్రిమెంటు రాసి, అడ్వాన్సు పుచ్చుకుని అమ్మేసేవాళ్లున్నారు. కొనేవాళ్లు ఆస్తిపై తనఖాలు, లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్‌ సర్టిఫికెట్‌) తీయించి, తనఖా పడిన ఫ్లాటు నంబరు తమది కాదని చూసుకోకపోతే, అప్పు చేసి కొన్న ఇల్లు మున్సిపాలిటీ పూచీకత్తుగా మిగిలిపోతుంది.

ఇసుక, సిమెంటు, కూలి రేట్లు పెరిగాయని, ఓసీ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక తమకు లేదని బిల్డర్లు వాపోతుంటారు. వారి కష్టం కొంత నిజమే కావచ్చు. ఆ కష్టం ప్లాన్‌లో నాలుగంతస్తులుంటే ఐదోది వేయడానికి అడ్డు రాలేదెందుకో మరి!

ఆ అదనపు అంతస్తు దగ్గర కాస్త ఆగాలి. అక్రమంగా లేచింది పైన కాబట్టి కింది వాళ్లకు ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. మొత్తం భవనానికి ఓసీ ఆగిపోతుంది. స్థలం మాత్రం పెరగదు కాబట్టి, పైవాడికి ఆ స్థలంలో ఇచ్చే అవిభాజ్య వాటా కింది వాళ్ల వాటాల్లోంచే తగ్గుతుంది. లిఫ్టు, సంపు, సెప్టిక్‌ ట్యాంకు తక్కువ మందికి వేసినవి, ఎక్కువ మంది వాడతారు. రేపు జరిమానా పడితే కట్టేది ఇంట్లో ఉన్నవాడు. బిల్డర్‌ అప్పటికి ఇంకో సైటులో పునాదులు తీస్తుంటాడు.

ఈ ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకనక్కర్లేదు. అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు ప్రభుత్వాలు 2007లో తలుపు తెరిచాయి, 2015లో తెరిచాయి, 2019లో మళ్లీ తెరిచాయి. ప్రతిసారీ ఇదే ఆఖరు అన్నట్టే చెప్పారు. ‘ఈసారి బీపీఎస్‌ (జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం) వచ్చినప్పుడు కట్టేద్దాం లెండి’ అని ఫ్లాటు అమ్మేటప్పుడే చెప్పే స్థితికి వచ్చాం. ప్లాన్‌ ప్రకారం చుట్టూ ఖాళీ (సెట్‌బ్యాక్‌) వదిలి కట్టిన బిల్డర్‌ వెర్రివాడయ్యాడు. గెడ్డ (వాగు) గట్టు కలుపుకొని గోడ లేపినవాడు తెలివైనవాడయ్యాడు. ఇంతకంటే చెడ్డ ఆనవాయితీ ఏముంటుంది?

కొనుగోలుదారుల రక్షణకు వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా ఉంది కదా అని ధైర్యం చెప్పుకోవడమూ కుదరదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్‌ అవసరం లేదు. మన పట్టణాల్లో మూడు వందల గజాల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు ఆ లెక్కలో బయటే ఉండిపోతాయి. ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలన్న రెరా చట్టంలోని మాట, అగ్రిమెంటులో విడిగా రాయించుకుంటే తప్ప వీటిలో కొన్నవారికి అక్కరకు రావడం కష్టం. వారికి ముందుగా మిగిలే రక్ష ఓసీ ఒక్కటే. ఆ ఒక్కటీ ఎవరూ అడగరట!

అడగకపోతే ఏమవుతుందో మా విలేకరి ఈమధ్య విజయనగరంలో ఒక కొత్త ఫ్లాటులో చూసి వచ్చారు. పాలు పొంగించి ఏడాది కాలేదు. వంటగది గోడకు పుట్టీ పొక్కులుగా లేచి, వేలు ఆనిస్తే పెచ్చు ఊడి వస్తోంది. అవతలి వైపు బాత్రూం. మూలనున్న టైలుపై నాణెంతో కొడితే బోలుగా మోగింది. ప్లగ్గులో మూడో పిన్నుకు పచ్చతీగ ఉంది, కింద మీటర్ల దగ్గరకొచ్చి చూస్తే అది దేనికీ కలపకుండా వేలాడుతోంది. ఎర్తింగ్‌ గొయ్యే తీయలేదు. ‘కొత్త ఇల్లు కదండీ, సెట్‌ అవుతుంది’ అన్నది బిల్డర్‌ జవాబు.

హుద్‌హుద్‌, తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలివి. వాన ఇక్కడ నిలువుగా పడదు, గాలితో పాటు అడ్డంగా కిటికీ అంచుల్లోకి కొడుతుంది. అయినా మనవాళ్లు ఎండాకాలంలో మధ్యాహ్నం పూట వెళ్లి, రంగు వేసిన గోడ చూసి అడ్వాన్సు ఇచ్చి వస్తారు. రెండు రోజులు ముసురు పట్టాక వెళ్లి చూస్తే డాబా మీద నీళ్లు ఎటు నిలుస్తున్నాయో, కిటికీ కింద తడి ఎంత దిగిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. బాత్రూం జాలీ మూసేసి ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాటు సీలింగు చూడనివ్వమని అడగండి. కాదన్న బిల్డర్‌ దగ్గర ఇంకేం చూడనక్కర్లేదు.

పురపాలక కమిషనర్లూ, పట్టణ ప్రణాళిక అధికారులూ! గత ఐదేళ్లలో ఎన్ని ప్లాన్లు ఇచ్చారో, ఎన్నింటికి ఓసీ ఇచ్చారో వార్డులవారీగా ఆఫీసు గోడకు అంటించండి. తనఖాలో ఉన్న ఫ్లాట్ల నంబర్లూ పక్కనే రాయండి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, కాగితం, జిగురు చాలు.

కొనేవారినీ వదిలిపెట్టలేం. వాస్తు సిద్ధాంతిని రెండుసార్లు కారెక్కించి తీసుకెళ్తారు, సివిల్‌ ఇంజినీరుకు ఒక్కపూట ఫీజు ఇవ్వడానికి మనసొప్పదు. ఈశాన్యం అంగుళం తగ్గితే బేరం వదులుకునే మీరు, ప్లాన్‌లోనే లేని అంతస్తులో ఇరవయ్యేళ్ల ఈఎంఐకి సంతకం పెట్టి వస్తున్నారేం?