పంపింగ్ 60 ఉంటే గుండె మొత్తం బాగున్నట్టేనా?

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్. బావ పంపాడు, టెన్త్ క్లాస్ గ్రూపులో వచ్చింది, పక్కింటి పిన్ని కూడా పంపింది. "ఎకోలో పంపింగ్ 60 వస్తే గుండె పూర్తిగా బాగున్నట్టే. కుడివైపుది చిన్న పని, చూడక్కర్లేదు. కాళ్ల వాపంటే కిడ్నీయే. మాటిమాటికీ ఎకో తీస్తే రేడియేషన్. ఎకోలో ప్రెషర్లన్నీ అంచనాలే." శ్రీకాకుళంలో రోజూ ఎకో, అంటే గుండె స్కాన్, తీసే మనిషిని. ఇక ఊరుకోలేను.

రేడియేషన్ లేదు. కడుపుతో ఉన్నవాళ్లకు తీసే స్కాన్ ఏదో ఇదీ అదే, శబ్దతరంగాలు. అక్కడితో ఆ మాట సరి.

కుడివైపుది చిన్న పని కాదు. ఎడమ గది ఒంటికి ఎంత రక్తం పంపుతుందో, కుడి గది ఊపిరితిత్తులకు అంతే పంపాలి. దాని గోడ పలచన. ఊపిరితిత్తుల్లో ప్రెషర్ పెరిగితే తట్టుకోలేక సాగిపోతుంది. ఆ మెసేజ్‌లోని 60 ఎడమ గది లెక్క: గుండె కొట్టుకున్న ప్రతిసారీ అందులోని రక్తంలో నూటికి ఎంత బయటికి నెడుతోందో. కుడి గది నెలవంకలా దాన్ని చుట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ లెక్క దీనికి కుదరదు. అందుకే కుడి కవాటం అంచు ఒక్కో దెబ్బకు ఎంత కదులుతోందో కొలుస్తాం. దాన్ని టాప్సీ అంటాం. 17 మిల్లీమీటర్ల కంటే తగ్గితే అనుమానించాలి. అదొక్కటే చాలదు, గది వైశాల్యం కనీసం 35 శాతం తగ్గుతోందా అని కూడా చూస్తాం.

ఇక కిడ్నీ మాట. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఉద్దానం ఉన్న జిల్లా మనది. కాళ్లు వాస్తే కిడ్నీయేనని జనం ముందే హడలిపోయి ఉన్నారు. కవిటి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ముప్పై ఏళ్లుగా అడ్డపొగ, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, తాగిన మనిషి. కాలి మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. "నా కిడ్నీ పోనాదేటి బాబూ?" అంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రెండుసార్లూ నార్మల్. పంపింగ్ 60. టాప్సీ మాత్రం 12. డొక్క కింద ప్రోబ్ పెట్టి "ముక్కుతో గట్టిగా పీల్చమ్మా" అన్నాను. గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర సగానికైనా ముడుచుకోవాలి. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పుతో అలాగే నిలబడింది. అంటే కుడివైపు గుండె లాగలేక రక్తం వెనక్కి ఆగిపోతోంది, వాపు అందుకే. రెండు నెలలు కిడ్నీ చుట్టూ తిరిగింది ఆవిడ! ఈ మెసేజ్ రాసినవాళ్లు ఒక్కసారైనా ఆ కాలి మీద వేలు పెట్టి చూశారా? కిడ్నీ జబ్బు నిజంగా ఉన్నవాళ్లకూ కుడివైపు చూడాలి. ఒంట్లో నీరు పేరుకుంటే, డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి వేసిన ఫిస్టులాలో రక్తం మరీ ఎక్కువగా పారితే, ఆ భారం అక్కడే పడుతుంది.

ప్రెషర్ అంచనాయేనన్న మాట నిజం. ఊపిరితిత్తుల ప్రెషర్‌కైతే కుడి కవాటం లీకు వేగాన్ని దానితోనే గుణించి, నాలుగు రెట్లు చేసి, సిరను చూసి ఇంకొంత కలుపుతాం. లీకు సరిగా దొరక్కపోతే ఆ అంకె ఇవ్వలేం. కచ్చితంగా తెలియాలంటే కుడి గుండెలోకి గొట్టం పంపి కొలవాల్సిందే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. రద్దీలో కుడివైపు కొలవకుండానే "నార్మల్" అని టైపు కొట్టిన రిపోర్టులు నా చేతికే వచ్చాయి. ఆ తప్పు మా పని చేసేవాళ్లదే. కాళ్లు వాచినవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు "టాప్సీ ఎంతొచ్చింది, రిపోర్టులో రాయండి" అని అడగండి. మేం రాయాలి.