తుపాకీ ఉంటే మర్యాదగా చెప్పండి

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక జాగ్రత్తల జాబితా తిరుగుతోంది. పోలీసులు కారు ఆపితే ఏం చెయ్యాలో అందులో ఉంది. అద్దం దించండి, చేతులు స్టీరింగ్ మీద పెట్టండి, దిగమంటే తప్ప దిగకండి. అంతవరకూ బాగానే ఉంది. అసలు ముత్యం చివర్లో ఉంది: "మీ దగ్గర తుపాకీ ఉంటే ఆ మాట నెమ్మదిగా, మర్యాదగా చెప్పండి. ఏమీ కాదు." దాని కింద రెండు దండాలు, ఒక అమెరికా జెండా.

ఆ "ఏమీ కాదు" దగ్గరే నాకు ఒళ్లు మండింది.

ముందు చట్టం చూద్దాం, మనం పద్ధతైన మనుషులం కదా. టెక్సాస్‌లో 2016 జనవరి 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్లు పిస్తోలు నలుగురికీ కనిపించేలా నడుముకి పెట్టుకుని తిరగొచ్చు. 2021 సెప్టెంబరు 1 నుంచి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు. 21 ఏళ్లు నిండి, చట్టం వద్దన్నవాళ్ల లెక్కలో లేకపోతే చాలు. రైఫిల్ భుజాన వేసుకుని తిరగడానికైతే అంతకుముందు కూడా లైసెన్సు అడిగినవాడు లేడు. మన ఊళ్లో ఎన్నికలొస్తే లైసెన్సున్న పెద్దమనిషి కూడా తుపాకీ తీసుకెళ్లి స్టేషన్లో అప్పజెప్పి రావాలి. అలాంటి చోట పుట్టి పెరిగినవాడికి, కొట్లో బిల్లు కట్టే లైనులో ముందువాడి నడుముకి పిస్తోలు వేలాడుతుంటే మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. గ్రీన్‌కార్డు వచ్చాక అదే మనిషి ఒకటి కొనుక్కుని, దసరా నాడు లాప్‌టాప్ పక్కన దానికీ కుంకుమ బొట్టు పెడతాడు. సరే, అది వేరే వ్యాసం.

చట్టసభ ఏమంటుంది? తుపాకీ పెట్టుకున్న పౌరుడే దేశానికి రక్ష అంటుంది. పోలీసు అకాడమీ ఏమంటుంది? తుపాకీ పెట్టుకున్నవాడు నిన్ను చంపడానికే వచ్చాడంటుంది. రెండు మాటలకీ జీతాలిచ్చేది ఒకే ఖజానా. 2015లో పెర్ఫ్ అనే సంస్థ (పోలీసు ఉన్నతాధికారులు పెట్టుకున్నదే, పరాయివాళ్లది కాదు) అమెరికాలో కొత్త పోలీసులకి ఏమేం నేర్పుతున్నారో ఆరా తీసింది. తుపాకీ కాల్చడానికి సుమారు 58 గంటలు, మనిషిని లొంగదీసుకునే పట్లకి 49 గంటలు. గొడవని మాటలతో చల్లార్చడానికి 8 గంటలు. ఆ ఎనిమిదిలో భోజన విరామం ఉందో లేదో నివేదికలో రాయలేదనుకుంటా.

ఇక ఆ క్లాసు ఎలా ఉంటుందో నా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. లైట్లు ఆర్పేస్తారు. తెర మీద వీడియో. పోలీసు కారు ఆపుతాడు, డ్రైవరు దిగుతాడు, ఢాం. ఇంకో వీడియో. డ్రైవరు దిగడు, కిటికీలోంచే ఢాం. మూడోదాంట్లో డ్రైవరు ముసలాయన, నవ్వుతూ పలకరిస్తాడు, పోనీ ఈయన నయం అనుకునేలోపు ఢాం. లైట్లు వెలుగుతాయి.

"ఏం నేర్చుకున్నారు?" అంటాడు మాస్టారు.

"దిగినవాడు ప్రమాదం సార్."

"దిగనివాడు?"

"ఇంకా ప్రమాదం సార్."

"నవ్వేవాడు?"

"అందరికన్నా ప్రమాదం సార్."

వెనక బెంచీలో ఒక అమాయకుడు చెయ్యెత్తుతాడు. "సార్, మన రాష్ట్రంలో తుపాకీ పెట్టుకోవడం చట్టబద్ధమే కదా. మరి చట్టప్రకారం పెట్టుకున్నవాణ్ణి ఎలా గుర్తుపట్టాలి?"

మాస్టారు గడ్డం గోక్కుంటాడు. ప్రశ్న సిలబస్‌లో లేదు. "చేతులు చూడు. చేతులు కదిలాయంటే ప్రమాదం."

"లైసెన్సు తియ్యడానికి కదిలితే?"

"ఎవడు తియ్యమన్నాడు?"

"మనమే సార్. లైసెన్సు చూపించమని అడిగింది మనమే."

"కదలొద్దని కూడా మనమే చెప్తాం."

"రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి సార్?"

"అది పౌరుడు చూసుకోవాలి. తర్వాతి వీడియో వెయ్యండి."

ఈ క్లాసు నేను కల్పించాను. కిందిది కల్పించలేదు.

2016 జూలై 6, మినెసోటా రాష్ట్రంలో సెయింట్ పాల్ పక్కన ఫాల్కన్ హైట్స్. కారు నడుపుతున్నది ఫిలాండో కాస్టీల్, 32 ఏళ్ల నల్లజాతి మనిషి, ఒక బడి క్యాంటీన్‌లో సూపర్‌వైజరు. పక్క సీట్లో స్నేహితురాలు, వెనక సీట్లో ఆమె నాలుగేళ్ల కూతురు. వెనక లైటు వెలగడం లేదని కారు ఆపారు. అంతకుముందు రేడియోలో తోటి పోలీసుకి చెప్పిన కారణం వేరు: ఒక దోపిడీ కేసులో వెతుకుతున్నవాడిలాగే ఇతని ముక్కు కూడా వెడల్పుగా ఉందట. లైసెన్సు, ఇన్సూరెన్సు అడిగారు. ఇన్సూరెన్సు కాగితం ఇచ్చాడు. కాస్టీల్‌కి తుపాకీ పర్మిట్ ఉంది. మినెసోటా చట్టం ప్రకారం పోలీసు అడిగితేనే ఆ సంగతి చెప్పాలి. ఎవరూ అడగలేదు. తనంతట తానే, "సార్" అని మొదలుపెట్టి మరీ, నా దగ్గర తుపాకీ ఉందని మీకు చెప్పాలి అన్నాడు. నెమ్మదిగా. మర్యాదగా.

దాని జోలికి వెళ్లొద్దన్నాడు పోలీసు. వెళ్లడం లేదన్నాడు కాస్టీల్. ఏడు గుళ్లు.

తర్వాత దర్యాప్తు అధికారుల ముందు ఆ పోలీసు చెప్పుకున్న కారణాల్లో ఒకటి వినండి. కారులో గంజాయి వాసన వచ్చిందట. చిన్నపిల్ల ముందు గంజాయి తాగేవాడికి నా ప్రాణం ఒక లెక్కా అనిపించిందట. ఆ పిల్ల మీద అంత కరుణ పుట్టి, ఆ పిల్ల కూర్చున్న కారులోకే ఏడుసార్లు కాల్చాడు. 2017 జూన్‌లో జ్యూరీ నిర్దోషి అంది. సంఘటనకి రెండేళ్ల ముందు అతను హాజరైన సెమినార్ పేరు 'బుల్లెట్‌ప్రూఫ్ వారియర్', అంటే ప్రతి మనిషినీ ప్రమాదంగా చూడమని పోలీసులకి నేర్పే క్లాసు.

తల్లికి బేడీలు వేసి, పిల్లతో సహా పోలీసు కారు వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఆ వీడియో ఉంది. అమ్మా, అరవకమ్మా, తిట్టకమ్మా, నిన్ను కూడా కాల్చేస్తారు అని ఆ పిల్ల తల్లిని బతిమాలుతుంది. నాలుగేళ్ల పిల్ల! గొడవని మాటలతో చల్లార్చడం అంటే ఇదే. యూనిఫాం, బ్యాడ్జి, ప్రభుత్వ జీతం ఉన్న పెద్దమనిషికి రాని విద్య, కళ్ల ముందు మనిషి నెత్తురు కారి పోతుంటే చూసిన పసిదానికి వచ్చింది. ఎవరిని చూసి భయపడాలో, ఆ భయాన్ని ఎలా దిగమింగాలో దానికి ఏ అకాడమీ నేర్పింది? తుపాకీ పౌరుడి పవిత్ర హక్కు అని గొంతు చించుకునే ఎన్‌ఆర్‌ఏ (తుపాకీదారుల పెద్ద సంఘం) రెండు రోజుల తర్వాత ఒక ప్రకటన పడేసింది. అందులో చచ్చిపోయినవాడి పేరు కూడా లేదు. పర్మిట్ ఉన్న మర్యాదస్తుడైన పౌరుడు, అడగకుండానే నిజం చెప్పినవాడు, వాళ్లు పోస్టర్లలో వేసుకునే ఆదర్శ మనిషి. రంగొక్కటే తేడా కొట్టింది. థూ.

మర్నాడు డాలస్‌లో ఇలాంటి చావుల మీదే ఊరేగింపు జరిగింది. ఒక నల్లజాతి యువకుడు చట్టప్రకారం భుజాన రైఫిల్ వేసుకుని అందులో నడిచాడు. ఎవడో ఒకడు పోలీసుల మీద కాల్పులు జరిపి ఐదుగురిని పొట్టనపెట్టుకున్నాడు. డాలస్ పోలీసులు ఆ యువకుడి ఫోటో అనుమానితుడని ట్విట్టర్‌లో పెట్టేశారు. అతను రైఫిల్‌ని తనే తెచ్చి పోలీసులకి ఇచ్చాడు. కాల్చినవాడు వేరు.

ఇప్పుడు మర్యాద సంపూర్ణంగా పనిచేసిన సందర్భం కూడా చెప్పాలి, లేకపోతే పక్షపాతం అంటారు. 2020 ఆగస్టు 25 రాత్రి, విస్కాన్సిన్‌లోని కెనోషా. వీధిలో రైఫిళ్లు పట్టుకుని కాపలా కాస్తున్నామంటున్న తెల్లవాళ్లకి పోలీసులు వాహనంలోంచి మంచినీళ్ల సీసాలు అందించారు, మీరంటే మాకు గౌరవమని మైకులో చెప్పారు. వాళ్లలో ఒక 17 ఏళ్ల కుర్రాడు ఆ తర్వాత ఇద్దరిని చంపి, ఒకరిని గాయపరిచి, రైఫిల్ మెడలో వేలాడుతుండగా చేతులెత్తి పోలీసు వాహనాల వైపు నడిచాడు. వాళ్లు ఆపలేదు. పక్క రాష్ట్రంలోని ఇంటికి వెళ్లి, తర్వాత లొంగిపోయాడు. ఆత్మరక్షణ అని 2021 నవంబరులో కోర్టు వదిలేసింది. కోర్టు సంగతి కోర్టుకే వదిలేద్దాం. ఆ రాత్రి పోలీసుల చేతులు ఎంత నెమ్మదిగా ఉన్నాయో చూడండి! ఆ నెమ్మదితనం నేర్పిన ఎనిమిది గంటలు ఎక్కడివో గానీ, బ్రహ్మాండంగా ఒంటబట్టాయి.

అన్నట్టు, ఈ భయం కొత్తదేం కాదు. 1967లో బ్లాక్ పాంథర్లు (నల్లజాతివాళ్ల హక్కుల కోసం పుట్టిన పార్టీ) చట్టప్రకారమే తుపాకులు పట్టుకుని కాలిఫోర్నియా శాసనసభకి వచ్చారు. కొద్ది నెలల్లోనే వీధుల్లో గుళ్లు నింపిన తుపాకీతో తిరగడం నిషేధం అయిపోయింది. సంతకం చేసిన గవర్నరు రొనాల్డ్ రీగన్. తుపాకీ నియంత్రణ అమెరికాలో అసాధ్యం అనేవాళ్లకి ఈ చిట్కా పనికొస్తుంది.

2019లో అదే మినెసోటాలోని మినియాపొలిస్ మేయరు జేకబ్ ఫ్రే, ఈ వారియర్ క్లాసులకి తన పోలీసులెవరూ వెళ్లకూడదని, డ్యూటీలో లేని రోజున కూడా వెళ్లకూడదని ఆంక్ష పెట్టాడు. పోలీసు యూనియన్ ఊరుకుంటుందా? కావాలన్నవాళ్లకి అదే పాఠం ఉచితంగా చెప్పిస్తామని ప్రకటించింది. చూశారా, భయం నేర్చుకుంటామంటే ఆ ఊళ్లో ఫీజు కూడా అడగరు.