రెండో భాగం రాయని ముద్దాయి

డిటెక్టివ్ నవల ఒకటి రాసి, రెండోది ఇంకా రాయని మనిషికి ఈ దేశ చట్టాల్లో ఏ హోదా లేకపోవడం తీవ్రంగా ఆలోచించవలసిన విషయమని మనవి చేస్తున్నాను. నిజంగా హత్య చేసినవాడికి వకీలు ఉంటాడు, వాయిదాలు ఉంటాయి, అదృష్టం బాగుంటే బెయిలు ఉంటుంది. అదే హత్యను కాగితం మీద చేసి, ముసుగు వేసుకున్న హంతకుణ్ణి చివరి పేజీలో దుర్గం చెరువు తీగల వంతెన మీదుగా పారిపోనిచ్చి, కింద 'సశేషం' అని అచ్చు వేసుకున్నవాడికి ఇవేవీ లేవు. ఆ నేరం చేసింది నేనే కనుక సాక్ష్యం కోసం ఎక్కడికీ పోనక్కరలేదు.

వారపత్రికల్లో సీరియళ్లు జోరుగా నడిచిన రోజుల్లో 'సశేషం' వెనక ఒక సంపాదకుడు, ఒక ప్రెస్సు, ఒక గడువు ఉండేవి. ఆ మాట వేసిన రచయిత వచ్చే వారంలోగా తన హంతకుణ్ణి ఏదో ఒక గట్టుకు చేర్చి తీరవలసిందే. నా 'సశేషం' వెనక నేను తప్ప ఎవరూ లేరు. అచ్చు ఖర్చు కూడా నాదే. ఐదు వందల ప్రతుల్లో సగానికి పైగా మా మంచం కింద ఉన్నాయి; బయటికి వెళ్లినవాటిలో కొన్నవారికంటే సంతకంతో ఉచితంగా పుచ్చుకున్నవారే ఎక్కువ. రెండో భాగం ఎప్పుడని గద్దించి అడిగేది కూడా ఈ రెండో వర్గంవారే కావడం అర్థశాస్త్రజ్ఞులు పరిశీలించదగిన అంశం. మా పెద్దమ్మ అయితే నేనేదో ఠాణాలో ఉద్యోగం చేస్తున్నట్టు, ప్రతి పెళ్లిలోనూ పది మంది ముందు, "ఏరా, ఆ చంపినవాడు దొరికాడా?" అని అడుగుతుంది.

ఈ విషయంలో పెద్దల దారి చూద్దామని ఆర్థర్ కోనన్ డాయిల్ చరిత్ర తిరగేశాను. షెర్లాక్ హోమ్స్ తొలి నవల హక్కులను ఆయన 25 పౌండ్లకు అమ్ముకున్నారు. అది 1887లో వచ్చింది, రెండోది 1890లో. ఆ రెండోదైనా ఎలా పుట్టిందంటే, 1889లో ఒక అమెరికన్ పత్రిక సంపాదకుడు లండన్ హోటల్లో విందుకు పిలిచి, కొత్త రచన కావాలని అడిగితే పుట్టింది. ఆ విందులో ఆస్కార్ వైల్డ్ కూడా ఉన్నారు. నన్ను విందుకు పిలిచింది ఉప్పల్లో ఉండే మా మేనమామ. వైల్డ్ స్థానంలో బీమా ఏజెంటైన మా బావ కూర్చున్నాడు. పప్పుచారు వడ్డిస్తూ మేనమామ, "ఈ చంపుకోవడాలు మనకెందుకురా, ఏదైనా కుటుంబ కథ రాయరాదూ" అన్నాడు. (కుటుంబ కథల్లో చంపుకోవడాలు ఉండవని ఆయనకెవరు చెప్పారో తెలియదు.)

అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేస్తూ విషాల సంగతులు నేర్చుకున్నారు. నేను మా వీధి చివరి మందుల షాపులో నేర్చుకోబోయాను. అప్పటినుంచి ఆ షాపాయన నాకు జ్వరం మాత్రలు కూడా రెండుకు మించి ఇవ్వడం లేదు.

ఇన్ని అవరోధాల మధ్య 2024 ఆరంభంలో రెండో భాగం మొదలుపెట్టాను. మా ఇన్‌స్పెక్టరు మూడో పేజీలోనే బల్ల గుద్ది, "302 కింద లోపలేస్తాను" అని గర్జించాడు. జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చి, హత్యకు శిక్ష 103వ సెక్షన్‌కు మారింది. కొత్త సంహితలో 302 అంటే మతపరమైన మనోభావాలను ఉద్దేశపూర్వకంగా మాటలతో గాయపరచడం. శవం ముందు నిలబడి ఇన్‌స్పెక్టరు మనోభావాల గురించి గర్జిస్తే పాఠకులు క్షమించరని, నెల రోజులు కూర్చుని అన్నిచోట్లా 103 చేశాను. తీరా చూస్తే నా కథలో హత్య 2023లో జరిగింది, శవం మాత్రం ఆలస్యంగా దొరికింది. అంటే నేరానికి పాత చట్టం, దర్యాప్తుకు కొత్త చట్టం. మరో నెల కూర్చుని మళ్లీ 302 చేశాను. ఇంత చట్టబద్ధంగా రాసిన పేజీలు మొత్తం పదకొండు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఇది. హత్య కేసులో నిందితుడు రిమాండులో ఉండగా పోలీసులు 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే, అడిగి బెయిలు తీసుకునే హక్కు అతనికి వస్తుంది. అదే సూత్రాన్ని మాకూ వర్తింపజేసి, 90 రోజుల పాటు "రెండో భాగం ఎప్పుడు?" అని అడిగినవారు ఆ తర్వాత అడిగే హక్కు కోల్పోయేలా, మేము పెళ్లిళ్లకూ డిసెంబరు పుస్తక ప్రదర్శనకూ నిర్భయంగా వెళ్లేలా, ఒక చిన్న సవరణ తేవాలి. పోలీసులకు హంతకుడు ఎవరో తెలియకపోతే అనుమానితులైనా ఉంటారు. నాకు ఆ సదుపాయం కూడా లేదు. ఆ ముసుగు వెనక ఎవరున్నారో మొదటి భాగం రాసినప్పుడూ నాకు తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు కానీ, పోయిన నెల గృహప్రవేశంలో పెద్దమ్మ యథాప్రకారం అడిగి, నా మొహం చూసి జాలిపడి, "ఇంకా వెతుకుతున్నావేమిట్రా, ఆ వాచ్‌మన్ పెళ్లామే కదూ" అంది. చూద్దాం పెద్దమ్మా అని గంభీరంగా తల ఊపి, ఇంటికి రాగానే మంచం కిందనుంచి ఒక ప్రతి లాగి, వాచ్‌మన్‌కు పెళ్లయినట్టు ఎక్కడైనా రాశానేమోనని వెతకడం మొదలుపెట్టాను.