ఖాళీ ప్యాకెట్టు ఎవరిది?

కిరాణా కొట్టు ముందు అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడని ఊరు తెలుగునాట కనబడదు. తినడానికి రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత ఆ కవరు మురుగుకాలువలోకో, చెరువు గట్టుకో చేరుతుంది. నీళ్ల సీసాలు ఏరుకునేవారు కూడా దాని జోలికి పోరు. ప్లాస్టిక్ పొరలకు అల్యూమినియం పూత కలిసిన సరకది. వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు, పాత సామాన్లవాడు కొనడు.

ఇది ప్రభుత్వానికి తెలియక కాదు. రీసైక్లింగ్‌కు లొంగని బహుళ పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో ఆపేయాలని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. తీరా 2018లో ఆ వాక్యానికి తోక తగిలించారు. కాల్చి శక్తి రాబట్టడానికీ, మరెందుకూ పనికిరాని ప్లాస్టిక్‌ను ఆపితే చాలట! సిమెంటు బట్టీలో వేస్తే ఈ కవరూ మండుతుంది. అంటే నిషేధం కాగితం మీదే ఆవిరైంది. 2022 జులై 1న స్ట్రాలనూ, ప్లాస్టిక్ చెంచాలనూ నిషేధించారు. చిప్స్ కవర్ల జోలికి వెళ్లలేదు.

లోపలి సరకూ అంతే. ఆలూ చిప్స్‌లో దాదాపు మూడో వంతు కొవ్వే, పైన ఉప్పు. చాలా కంపెనీలు వాడే పామాయిల్‌ను ప్రపంచంలో అత్యధికంగా దిగుమతి చేసుకునేది మనమే; ఇండోనేసియా, మలేసియా అడవులు నరికి వేసిన తోటల నుంచీ అది వస్తోంది. మన జంతికలూ నూనెలోనే వేగుతాయి, కాదనం. కానీ అవి పండక్కి చేసుకునేవి, స్టీలు డబ్బాలో ఉండేవి. రోజూ బడి గేటు దగ్గర దొరికేవి కావు. గేటు నుంచి 50 మీటర్ల లోపు ఇలాంటివి అమ్మరాదన్న 2020 నిబంధన ఎంతమంది హెడ్మాస్టర్లకు తెలుసు?

దేశంలోని రోగభారంలో 56.4 శాతానికి ఆరోగ్యకరం కాని తిండే కారణమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో లెక్కగట్టింది. చిలీ 2016 నుంచే ప్యాకెట్ ముందువైపు నల్ల అష్టభుజి ముద్రలతో హెచ్చరిస్తోంది. మన ఆహార భద్రతా సంస్థ మాత్రం 2022లో నక్షత్రాల రేటింగ్ ప్రతిపాదించింది. చిప్స్‌కూ ఒకటో అరో నక్షత్రం దక్కితే అది హెచ్చరిక ఎలా అవుతుంది? ప్యాకెట్ ముందువైపు ముద్ర సంగతి మూడు నెలల్లో తేల్చాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆపై గడువు పొడిగించింది. నక్షత్రాలు పక్కనపెట్టి ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువైతే ఆ మాటే ముందువైపు తెలుగులోనూ పెద్ద అక్షరాలతో ముద్రించాలి. 2018లో తగిలించిన తోకనూ కత్తిరించాలి.